హాస్యమున స్త్రీవేషము, ఇంటి కుమారుడు

హాస్యరసమునకు వికృతవేషము, వికృతాలంకారము, అసంబద్ధభాషణము మొదలగునవి విభావములని భరతుడు నాట్యశాస్త్రమున చెప్పియున్నాడు. శృంగారమును అనుకరించుటవలననే హాస్యము పుట్టునని కూడ నాతని మతము. తాను నవ్వుట ఆత్మస్థమనియు, ఇతరులను నవ్వించుట పరస్థమనియు హాస్యమును రెండు తెరగులుగ విభజించి, స్మితహసితములు ఉత్తములకు, విహసితోపహసితములు మధ్యములకు, అపహసితాతిహసితములు అధములకు చెందునని ఆరు భేదములను నిరూపించెను. ఈ విభాగమున నవ్వువాని స్థాయి నిర్ణయింపబడినది. నవ్వబడువాని స్థితి మాత్రము విచారింపబడలేదు. అతడెవరి బిడ్డ? సభలో నవ్వు ముగిసిన పిదప అతడు ఏ యింటికి పోవును? ఆ యింట అతనిని ఏమని పిలుతురు? ఈ ప్రశ్నలు లక్షణగ్రంథములకు అవసరములు గాకపోవచ్చును. సాహిత్యమును సమాజముతో ముడిపెట్టి చదువు నేటి విద్యార్థికి మాత్రము ఇవి తప్పనివి.

ఈ వ్యాసమునకు ప్రేరకము ఒక విదేశ చలనచిత్రము. 2006లో ఫిలిప్పైన్స్ దేశమున జోయెల్ లమాంగన్ దర్శకత్వమున 'మానాయ్ పో' అను హాస్యచిత్రము వెలువడినది. చెర్రీ పై పికాచే అను నటి అందు తల్లి పాత్రను ధరించినది. ఆ తల్లికి ముగ్గురు కుమారులు. మువ్వురును పురుషులయందే అనురాగము కలవారు. 2008లో దీనికి రెండవ భాగమును వచ్చినది. 'మానాయ్' అనునది అక్కను గౌరవముతో పిలుచు పిలుపు. అట్టి పురుషులు తమలో తాము కూడ దానిని వాడుకొందురు. 'పో' అనునది మన 'అండీ' వంటి మర్యాదావాచకము. కావున చిత్రనామమును 'అక్కగారండీ' అని తెలుగు చేయవచ్చును. ఇట్టి కథకు తెలుగున సాటి యేదియని వెదకినచో స్త్రీవేషములు కొల్లలుగ లభించును. అట్టి కుమారుడున్న ఇల్లు మాత్రము హాస్యమున కానరాదు. మన హాస్యము వేషమును ఆదరించినది; ప్రకృతిని ఇంటి వెలుపల నిలిపినది. ఈ సిద్ధాంతమును కొన్ని ప్రసిద్ధకృతులను ఆధారముగ జేసికొని నిరూపింప యత్నింతుము.

పదవిచారము

అమరసింహుడు మనుష్యవర్గమున 'తృతీయాప్రకృతి' అను పదమును షండ, క్లీబ, పండ, నపుంసక శబ్దములతో చేర్చి పఠించెను. వాత్స్యాయనుడు కామసూత్రములలో తృతీయాప్రకృతి స్త్రీరూపిణి, పురుషరూపిణి అని ద్వివిధమని చెప్పెను. వీరిలో రెండవవారు స్త్రీవేషము ధరింపక, పురుషులవలెనే మెలగుచు, తమ కోరికను మరుగుపరచుకొని యుందురని కూడ నాతడు గుర్తించెను. తెలుగున 'పేడి' అను పదము చిరకాలమునుండి కలదు. 'హిజ్రా' అనునది ఉర్దూ ద్వారమున వచ్చినది.

ఇందు మూడు విషయములను వేరుచేసి చూడవలెను. నాటకముకొరకో, కార్యసాధనకొరకో స్త్రీవేషము ధరించిన పురుషుడు ఒకడు. పుట్టుకతో పురుషుడని ఇతరులు నిర్ణయించినను తన్ను తాను స్త్రీగా నెరిగిన వ్యక్తి వేరు. వేషమున గాని నడకలో గాని ఏ భేదమును లేక, పురుషునియందు అనురాగము కల పురుషుడు వేరు. వాత్స్యాయనునికి స్పష్టముగ తెలిసిన ఈ భేదమును మన హాస్యము పాటింపలేదు. కంటికి కనబడునది వేషమొక్కటియే కనుక రంగస్థలము మూడింటిని ఒక చీరలో చుట్టివేసినది.

విరాటుని కొలువు

తెలుగువారికి స్త్రీవేషమనగానే స్ఫురించు పాత్ర బృహన్నల. విరాటపర్వమును తెనిగించిన తిక్కన ఓరుగల్లునకు వచ్చి గణపతిదేవుని దర్శించెనని కాసె సర్వప్ప 'సిద్ధేశ్వర చరిత్రము' చెప్పుచున్నది. కావున ఈ చర్చను తిక్కనతో ప్రారంభించుట మా ప్రాంతమునకు తగియేయున్నది.

ఊర్వశి శాపము అర్జునునకు అజ్ఞాతవాసమున వరమైనది. ఉత్తరకు నాట్యము నేర్పుచు అంతఃపురమున నున్న బృహన్నల ఉత్తరకుమారునికి సారథియై గోగ్రహణమునకు పోవును. స్త్రీల నడుమ ప్రగల్భములు పలికిన రాకుమారుడు కౌరవసేనను చూడగనే రథము దిగి పరుగెత్తును. జడ యూగులాడగ బృహన్నల వెంటబడి పట్టుకొనును. ఆ పరుగును చూచి సైనికులలో కొందరు నవ్విరి. అయినను కవి మనలను నవ్వింపదలచినది బృహన్నలను జూచి కాదు, ఉత్తరుని జూచి. పౌరుషమును చాటుకొనినవాడు పిరికివాడయ్యెను. పేడి యనబడినవాడు వీరుడయ్యెను. హాస్యమును ఇట్లు తలక్రిందులు చేయుట కథలోని గొప్ప సూక్ష్మము.

తరువాతి ఘట్టము ఇంకను గమనింపదగినది. కుమారుని విజయవార్త విని విరాటుడు పొంగిపోవుచు కంకునితో జూదమాడుచుండును. బృహన్నల సారథియై యుండగా గెలుపునకు కొదువయేమి యని కంకుడనును. తన కుమారునికి రావలసిన కీర్తిని ఒక పేడికి కట్టబెట్టుటను తండ్రి సహింపలేడు. పాచికతో కంకుని మొగముపై గొట్టును. ముక్కునుండి రక్తము కారును. సభలోని వినోదము ఒక్క క్షణమున హింసగ మారుట ఇచట చూడవచ్చును. బృహన్నల ఇంటిలో నాట్యము నేర్పినంతకాలము విరాటునకు అభ్యంతరము లేదు. కుమారుని పేరు ప్రక్కన బృహన్నల పేరు చేరినంతనే అతని చేయి లేచినది. కథ చివర వేషము తొలగును, పేడి అర్జునుడగును, అదే తండ్రి తన కూతును అతనికి ఇవ్వజూపును. శాపమునకు ఏడాది గడువుండుటచేతనే ఈ కథకు సుఖాంతము కుదిరినది. గడువులేని ప్రకృతి కలవానికి విరాటుని కొలువున చోటెక్కడ?

1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున వచ్చిన 'నర్తనశాల' చిత్రమున నందమూరి తారకరామారావు బృహన్నలగను, రేలంగి ఉత్తరకుమారుడుగను నటించిరి. నవ్వుబాధ్యత అంతయు రేలంగిపై నుంచి, బృహన్నలకు గాంభీర్యమును మిగిల్చిన ఆ కూర్పు తిక్కన మార్గమునకు సన్నిహితము. తరువాతి చిత్రములు ఈ మార్గమును విడిచినవి.

బాలవధువు వేషము

తెలుగు హాస్యనాటకములలో తలమానికమైన 'కన్యాశుల్కము'నకు (1897, పెంచి వ్రాసిన కూర్పు 1909) ఇరుసు ఒక బాలుని స్త్రీవేషమే. అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురు సుబ్బిని ముదుసలి లుబ్ధావధాన్లకు అమ్మజూపును. అతని బావమరది కరటకశాస్త్రి నాటకములలో విదూషకుడు. అతడు తన శిష్యుడు మహేశమునకు ఆడపిల్ల వేషము వేసి, లుబ్ధావధాన్లకే అమ్మి పెండ్లి చేయించును. ఈ వేషమువలన ఒక బాలిక బ్రతుకు నిలిచినది. నవ్వు వేషధారిపైకి పోక, పిల్లలను విక్రయించు తండ్రులపైకిని, కొను ముదుసలులపైకిని పోయినది. అప్పారావుగారు వికృతవేషమును విభావముగ గైకొని, అసలు వికృతి ఆచారమున నున్నదని చూపిరి.

అయినను ఒక విషయము మరువరాదు. పని తీరగనే వేషము తొలగిపోవును. ఆ బాలుడు అలంకారమును ఇష్టపడునేమో యను శంకకు నాటకమున తావులేదు. వేషము ఉపాయము, ఉపాయము ముగియగానే ఇల్లు యథాస్థితికి వచ్చును.

శాలువ, సంకెల

ప్రకృతిని కాక వేషమును ఆదరించుట అనునది కూచిపూడి సంప్రదాయమున మరింత స్పష్టము. సిద్ధేంద్రయోగి ఆనతిగ, కూచిపూడి బ్రాహ్మణ కుటుంబములలో పుట్టిన ప్రతి బాలుడును జీవితమున ఒక్కమారైనను సత్యభామ వేషము కట్టవలెనని సంప్రదాయము చెప్పును. తండ్రియే కుమారునికి జడ వేయించి, వాలుచూపును, అలుకను, సిగ్గును నేర్పించును. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) ఈ విద్యకు పరాకాష్ఠ. ఆయనకు 1970లో పద్మశ్రీ లభించినది. నాటకరంగమున స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగ, చింతామణిగ, మధురవాణిగ, రోషనారగ ప్రేక్షకులను ముగ్ధులను జేసి 1956లో పద్మశ్రీ పొందెను. కుమారుడు స్త్రీభావమును నేర్చుట అవమానము కాదనియు, అది కుటుంబమునకు కీర్తికరమనియు ఈ చరిత్ర చాటుచున్నది. ఒక్క నియమము మాత్రము కలదు: తెర దిగిన పిదప భావము వెంట రారాదు.

ఆ నియమము తప్పినవారికి ఏమి జరిగెనో తెలిసికొనుటకు హైదరాబాదు సంస్థానపు శాసనములు చూడవలెను. 1329 ఫసలీలో, అనగా 1919–20 ప్రాంతమున, నిజాము ప్రభుత్వము 'నపుంసకుల' పేర ఒక చట్టమును చేసెను. అట్టివారి పేర్లు ప్రభుత్వపు పట్టికకు ఎక్కవలెను. వారు స్త్రీవేషముతోనో ఆభరణములతోనో వీధిలో కనబడినను, బహిరంగస్థలమున ఆడినను, పాడినను వారంటు లేకయే పట్టుకొనవచ్చును. రెండేండ్లవరకు కారాగారము విధింపవచ్చును. తీరాంధ్రమున స్థానంవారి చీరకట్టుకు జనము శాలువలు కప్పుచున్న దశాబ్దములలోనే, ఇచట అదే చీరకట్టు నేరము. భేదము వస్త్రమున లేదు. ఒకటి రంగస్థలము, రెండవది వీధి. ఒకరు వేషము విప్పి ఇంటికి పోగలవారు, మరొకరికి విప్పుటకు వేషమే లేదు.

ఓరుగంటి దృష్టాంతము

కుటుంబము బిడ్డ లింగమును మార్చి భావించుట మన చరిత్రకు క్రొత్త కాదు. గణపతిదేవుడు తన కుమార్తెను రుద్రదేవ నామముతో రాజ్యమునకు వారసుని జేసెను. రుద్రమదేవిని శాసనములు రుద్రదేవ మహారాజుగ పేర్కొన్నవి. ఓరుగల్లున ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడు రచించిన 'ప్రతాపరుద్రీయము' అలంకారగ్రంథమైనను ఈ పురుషనామవృత్తాంతమును స్మరించినది. 1289 నాటి చందుపట్ల శాసనము ఆమె మరణమును తెలుపుచున్నది. 2015లో గుణశేఖర్ నిర్మించిన 'రుద్రమదేవి' చిత్రము బాలికను బాలునిగ పెంచిన కథనే ప్రధానముగ గ్రహించినది.

కుమార్తె కుమారుడైనపుడు కావ్యము పుట్టినది, శాసనము పుట్టినది, ఎవరును నవ్వలేదు. కుమారుడు కుమార్తెవలె మెలగినపుడు మాత్రము ప్రహసనము పుట్టుచున్నది. పురుషత్వమువైపు నడచుట ఆరోహణమనియు, స్త్రీత్వమువైపు నడచుట పతనమనియు భావించు సమాజమే ఈ తారతమ్యమునకు మూలము. కావున ఈ హాస్యము పురుషానురాగిని మాత్రమే గాక స్త్రీని కూడ అవమానించుచున్నదని గ్రహింపవలెను.

జానపదుల మార్గము వేరు. పూర్వపు వరంగల్లు జిల్లాలోని కొమురవెల్లి మల్లన్న జాతరలో పూనకముతో ఆడు శివసత్తులలో స్త్రీలతోపాటు చీర కట్టి పసుపు పూసికొను పురుషులును కలరు. ఇట్టి కుమారుడు కలిగినచో గ్రామీణ కుటుంబము దేవుడు కోరుకొనినాడని సమాధానపడును. ఇది బహిష్కారము కాదు, గౌరవమే. అయినను ఆ గౌరవము గుడిముంగిటిది. కుమారుడు దేవుని సొమ్మగును, ఇంట అతని స్థానమును గూర్చిన ప్రశ్న దాటవేయబడును.

తెలుగు చలనచిత్రములు

తెలుగు హాస్యచిత్రములు కన్యాశుల్కపు ఉపాయమును గ్రహించినవి గాని దానిలోని విమర్శను గ్రహింపలేదు. 1990ల ఆరంభమున పి. ఎన్. రామచంద్రరావు దర్శకత్వమున నరేశ్ నటించిన 'చిత్రం భళారే విచిత్రం', 1994లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున రాజేంద్రప్రసాద్ నటించిన 'మేడమ్', 1996లో తమిళమునుండి తెలుగునకు వచ్చిన కమల్ హాసన్ చిత్రము 'భామనే సత్యభామనే' ఈ కోవలోనివి. చివరిదానిలో తండ్రి తన కుమార్తెకు చేరువగ నుండుటకై ఆయా వేషము ధరించును. వీనియందు నటకౌశలము మెచ్చదగినది. వేషధారి అంతరంగమున 'సంపూర్ణపురుషుడు' అని ప్రేక్షకునకు అడుగడుగున హామీ లభించుచుండును. ఆ హామీ యుండుటచేతనే నవ్వు నిర్భయముగ వచ్చును.

హామీ లేని పాత్రకు మన చిత్రములిచ్చినది కొన్ని నిమిషములు మాత్రమే. అతడు వచ్చును, చేయి త్రిప్పును, నాయకుని తాకబోవును, దెబ్బతిని పోవును. అతనికి సాధారణముగ పేరుండదు, తల్లియుండదు. 2013లో ఆరంభమైన 'జబర్దస్త్' వంటి బుల్లితెర ప్రదర్శనములలో స్త్రీపాత్రలను పురుషులే ధరించుట పరిపాటియైనది. అట్టివారిలో కొందరు తరువాత తాము స్త్రీలమేయని బహిరంగముగ ప్రకటించిరి. ప్రేక్షకుడు వేషమని నవ్వినది వారికి వేషము కాదు.

2018లో ప్రశాంత్ వర్మ దర్శకత్వమున వచ్చిన 'అ!' చిత్రమును ఇచట పేర్కొనవలెను. అందొక యువతి తాను ప్రేమించిన మరియొక యువతిని తన తలిదండ్రులకు పరిచయము చేయు ఘట్టము కలదు. ఇందు నవ్వు ఆ యువతులపై కాక తలిదండ్రుల తడబాటుపై నిలిచినది. వారు కుమార్తెలు, కుమారులు కారు. అయినను సంతానము ఇంటివారితో ముఖాముఖి మాటలాడినది. చిత్రము చివర ఈ పాత్రలన్నియు ఒక్క స్త్రీ మనస్సులోని ఖండములని తేలును. తెలుగు తెర ఇట్టి బిడ్డను ఇంటికి పిలిచినది, కాని కల యని సర్దుకొనినది.

ఫిలిప్పైన్స్ చిత్రములు

ఫిలిప్పైన్స్ హాస్యము ఈ దారి ఎట్లు తప్పించుకొనినది? ఒక్క అడుగున కాదు. 1969లో 'ఫసిఫికా ఫలాయ్‌ఫాయ్' అను చిత్రమున సుప్రసిద్ధ హాస్యనటుడు డాల్ఫీ (1928–2012) ఆడపిల్లను కోరిన తల్లి కూతునివలె పెంచిన కుమారుని పాత్రను ధరించెను. అచట కుమారుని స్వభావమునకు తల్లి పెంపకము కారణముగ చూపబడినది. ఇది నేటి విజ్ఞానము అంగీకరింపని అభిప్రాయమైనను, ఆ పాత్రకు ఒక తల్లి, సోదరులు, ఇల్లు లభించినవి. 1978లో లీనో బ్రోకా దర్శకత్వమున అదే నటుడు 'ఆంగ్ తతాయ్ కోంగ్ ననాయ్', అనగా 'నా తండ్రియైన నా తల్లి', అను చిత్రమున నటించెను. కోరింగ్ అను సౌందర్యాలంకారకుడు తాను ప్రేమించిన పురుషుని బిడ్డను తానే పెంచును. బిడ్డ యెదుట పురుషునివలె మెలగుటకు అతడు పడు పాట్లే కథ. 'భామనే సత్యభామనే'తో దీనిని పోల్చినచో భేదము స్పష్టము. అచట బిడ్డ కొరకు పురుషుడు స్త్రీవేషము ధరించెను. ఇచట బిడ్డ కొరకు ధరించిన పురుషత్వమే వేషము. 2000లో గిల్ పోర్టెస్ దర్శకత్వమున వచ్చిన 'మార్కోవా' చిత్రమున ఒకే పాత్ర యొక్క వేరువేరు వయస్సులను డాల్ఫీయు అతని కుమారులు ఇద్దరును ధరించిరి. తండ్రికొడుకులు కలిసి ఇట్టి పాత్రను పోషించుట మనకు ఊహింపరానిది.

ఈ వరుసలోనిదే 'మానాయ్ పో'. ఒక్క కుమారుడున్నచో తల్లి దానిని కర్మయనియో, పెంపకదోషమనియో చెప్పుకొనవచ్చును. మువ్వురును అట్టివారైనపుడు అది ఆ యింటి వాడుకయగును. సంఖ్యను పెంచుటయే ఇచట హాస్యమునకు సాధనము. ఆ సాధనముచేతనే అసాధారణము సాధారణమైనది. మువ్వురు ఒకే చెట్టు కొమ్మలైనను వారి స్వభావములు వేరువేరు కనుక, పురుషానురాగియనగా ఒకే మూస యను భ్రమ కూడ తొలగును. ఇది భరతుని విభాగమున పరస్థమైన నవ్వు ఆత్మస్థముగ మారుట. ఇంటివారు తమ్ము జూచి తాము నవ్వుకొందురు. ఆ నవ్వున తల్లియు పాలుగొనును.

అచటి సమాజము నిర్దోషమని మేము చెప్పుట లేదు. మూడు శతాబ్దములకు మించిన స్పెయిన్ పాలనవలన నెలకొనిన కథోలిక మతము అచట ప్రబలము. సమలింగ వివాహమునకు చట్టము లేదు. చౌకబారు వెక్కిరింతలును అచటి తెరపై కలవు. కాని స్పెయిన్‌వారి రాకకు పూర్వము 'బబాయ్‌లాన్' అను స్త్రీపురోహితుల వ్యవస్థయందు స్త్రీవేషధారులైన పురుషులకును చోటుండెను. మన శివసత్తులకు వారు చుట్టములే. మనకును వారికిని సంప్రదాయము ఇంచుమించు సమానము. వారి హాస్యము గుడి దాటి ఇంటిలోనికి వచ్చినది. మనది ఇంకను వీధిలోనే నిలిచియున్నది.

ఉపసంహారము

చట్టము ఇప్పటికే సాహిత్యమును దాటి పోయినది. 2018 సెప్టెంబరు 6న సర్వోన్నత న్యాయస్థానము వయోజనుల నడుమ సమ్మతితో కూడిన స్వలింగానురాగము నేరము కాదని తీర్పు చెప్పెను. 2023 జూలైలో తెలంగాణ ఉన్నతన్యాయస్థానము 1329 ఫసలీ నాటి చట్టమును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. చీర కట్టి వీధిని నడచుట నేరమను మాటకు ఒక శతాబ్దపు పిదప ముగింపు కలిగినది. కాని న్యాయస్థానము శిక్షను తొలగింపగలదు గాని నవ్వును మార్పజాలదు. నవ్వు నేర్పునవి కథలు, నాటకములు, చిత్రములు, తరగతిగదులు.

కావున ఉపాధ్యాయులకును పరిశోధకులకును మేము మూడు సూచనలు చేయుచున్నాము. విరాటపర్వమును బోధించునపుడు ఉత్తరుని ప్రగల్భములతో ఆగక, పాచిక విసరిన తండ్రిని గూర్చి కూడ విద్యార్థులచేత ఆలోచింపజేయవలెను. కన్యాశుల్కమున వేషము ఎవరిని నవ్వులపాలు చేసినదో, నేటి హాస్యచిత్రమున ఎవరిని చేయుచున్నదో పోల్చి చూపవలెను. కొమురవెల్లి శివసత్తుల జీవితకథలను, వారి ఇండ్లలోని తల్లుల మాటలను, వారి సమ్మతితో, పేర్లు గోప్యముగ నుంచి సేకరింపవలెను. ఆ తల్లుల మాటలలో కన్నీరే గాక హాస్యమును తప్పక యుండును. తెలుగు హాస్యమునకు అది క్రొత్త వస్తువు కాగలదు.

తరగతిలో 'పేడి' అను పదము వచ్చినపుడు వెనుక బల్లలనుండి నవ్వు వినబడుట ప్రతి ఉపాధ్యాయునకును అనుభవమే. అట్టి క్షణమున తల వంచుకొని కూర్చున్న విద్యార్థి ఒకడుండవచ్చును. అతడును ఒక యింటి కుమారుడే యని గుర్తించి పాఠము చెప్పుట ఉపాధ్యాయుని విధి.